ఇఫ్ పెట్టినా పని ఎందుకు ఆగలేదు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి. షరతు పెట్టాం, అయినా పని జరిగిపోయింది అని కొందరు. షరతు నిజమే అయింది, అయినా పని కదల్లేదు అని ఇంకొందరు. భాషలు వేరు, తలనొప్పి ఒకటే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఎసింక్ కోడ్‌కీ, అంటే పని పూర్తయ్యేదాకా ఆగకుండా ముందుకెళ్లి ఫలితాన్ని తర్వాత అందుకునే కోడ్‌కీ, అందులో పెట్టే షరతులకీ ఇచ్చేస్తున్నాను. ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందని అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మా టీమ్‌లో జావాలో ఎసింక్ వెబ్ సర్వర్లు రాసే స్ప్రింగ్ వెబ్‌ఫ్లక్స్ వాడుతున్నాం. ఫోన్ నంబరుతో కస్టమర్‌ని వెతికి, దొరక్కపోతే కొత్త కస్టమర్‌ని చేర్చే కోడ్ రాశాను. వెతికే మోనో (తర్వాత ఒక విలువ ఇచ్చేది, లేదా ఖాళీగా ముగిసేది) చివర, ఖాళీ అయితే వేరే పని చేయించే స్విచ్‌ఇఫ్‌ఎంప్టీ పెట్టి, దాని బ్రాకెట్లో కొత్త కస్టమర్‌ని చేర్చే మెథడ్‌ని పిలిచాను. కస్టమర్ దొరికినా సరే, లాగ్‌లో ‘కొత్త కస్టమర్‌ని చేరుస్తున్నాం’ అని పడుతోంది. డేటాబేస్‌లో చూస్తే కొత్త రో ఏదీ లేదు. మా లీడ్ ‘ఉత్త లాగే కదా, వదిలెయ్’ అంటున్నారు. వదిలెయ్యమంటారా? — ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: వదలొద్దండీ. లీడ్ గారికి కాస్త చిరాకొచ్చినా సరే.

జావాలో ఏ మెథడ్‌ని పిలిచినా ముందు బ్రాకెట్లో ఉన్నవాటి విలువలన్నీ తేల్చుకుని, ఆ తర్వాతే మెథడ్ లోపలికి వెళ్తుంది. స్విచ్‌ఇఫ్‌ఎంప్టీ కూడా మామూలు మెథడే. పేరులో ఇఫ్ ఉంది కదా అని జావా దానికి ప్రత్యేక మర్యాదేమీ చేయదు. కాబట్టి మీరు మోనో పిలుపుల గొలుసు కడుతున్నప్పుడే, డేటాబేస్‌ని ఇంకా ఏమీ అడగకముందే, ఆ చేర్చే మెథడ్ నడిచేసింది. అందులో మొదటి లైను లాగ్ రాయడం కాబట్టి రాసేసింది. చివరి లైను రిపాజిటరీలో సేవ్‌ని పిలిచి ఒక మోనోని తిరిగిచ్చింది. ఆ మోనోలో ఉన్నది ఇంకా మొదలవ్వని పని. ఎవరైనా సబ్‌స్క్రైబ్ చేస్తే, అంటే ఫలితం కావాలని అడిగితే తప్ప ఇన్సర్ట్ బయల్దేరదు. కస్టమర్ దొరికాడు కాబట్టి ఎవరూ సబ్‌స్క్రైబ్ చేయలేదు. అందుకే లాగ్ పడింది, రో పడలేదు.

నమ్మకం కుదరకపోతే డేటాబేస్ క్వెరీల డీబగ్ లాగ్ ఆన్ చేసి చూడండి. ‘చేరుస్తున్నాం’ అన్న లైను, కస్టమర్‌ని వెతికే సెలెక్ట్ క్వెరీ కంటే పైన కనబడుతుంది. దొరికాడో లేదో తెలియకముందే చేర్చడం గురించి మాట్లాడుతున్న లాగ్ అది. ఆ వరుస చూపిస్తే మీ లీడ్ గారు కూడా ‘వదిలెయ్’ అనరు.

ఇవాళ లాగ్‌తో పోయింది. రేపు ఆ మెథడ్‌లో ఎవరో, మోనో తయారు కావడానికి ముందు, కస్టమర్ నంబరు కోసం ఒక కౌంటర్ పెంచే లైను చేరుస్తారు. దొరికిన ప్రతి కస్టమర్‌కీ ఒక నంబరు వృథా. లేదంటే స్వాగతం ఎస్సెమ్మెస్ పంపే పాత లైబ్రరీని పిలుస్తారు, అది కంప్లీటబుల్‌ఫ్యూచర్ ఇచ్చే రకం అయి ఉంటుంది. మోనో సబ్‌స్క్రైబ్ కోసం ఆగుతుంది కానీ కంప్లీటబుల్‌ఫ్యూచర్‌కి ఆ ఓపిక లేదు. సప్లైఎసింక్ అని పిలిచారంటే పని త్రెడ్ పూల్‌కి వెళ్లిపోయినట్టే. ఇక మూడేళ్లుగా మీ దగ్గర కొంటున్నాయన లాగిన్ అయిన ప్రతిసారీ ‘మీకు స్వాగతం’ అని మెసేజ్ వెళ్తుంది.

బాగు చేయడం తేలికే. స్విచ్‌ఇఫ్‌ఎంప్టీ బ్రాకెట్లో మెథడ్‌ని నేరుగా పిలవకుండా మోనో.డిఫర్ పెట్టి, దాని లోపల లాంబ్డాలో (తర్వాత నడపడానికి చేతికిచ్చే పేరులేని ఫంక్షన్‌లో) ఆ పిలుపు రాయండి. జావా బ్రాకెట్లో విలువని ఇప్పుడూ ముందే తేలుస్తుంది. కాకపోతే ఇప్పుడు తేలేది లాంబ్డా ఒక్కటే, దాని లోపలి కోడ్ కదలదు. మోనో నిజంగా ఖాళీ అయినప్పుడే వెబ్‌ఫ్లక్స్ వెనకున్న రియాక్టర్ లైబ్రరీ ఆ లాంబ్డాని తట్టి లేపుతుంది. 2014లో జావా 8తో వచ్చిన, విలువ ఉన్నా లేకున్నా పట్టుకునే ఆప్షనల్‌లో ఆర్‌ఎల్స్, ఆర్‌ఎల్స్‌గెట్ అని రెండు పెట్టింది కూడా ఇందుకే. మొదటిదానికి విలువ ఇస్తాం, రెండోదానికి విలువ తెచ్చే లాంబ్డా ఇస్తాం. మోనో.జస్ట్ బ్రాకెట్లో ప్రస్తుత సమయం రాసి, కింద రిట్రై పెట్టి, ప్రతి ప్రయత్నంలోనూ పాత టైమే ఎందుకొస్తోందని అడిగేవాళ్లది కూడా ఇదే జబ్బు.

మీరు అడగలేదు గానీ స్విచ్‌ఇఫ్‌ఎంప్టీ వాడేవాళ్లని పట్టుకునే ఇంకో చిక్కుంది, దీనికంటే మొండిది. కస్టమర్ దొరికితే ఫ్లాట్‌మ్యాప్‌లో (వచ్చిన విలువతో తర్వాతి ఎసింక్ పని చేయించేది) మెయిల్ పంపండి, దొరక్కపోతే స్విచ్‌ఇఫ్‌ఎంప్టీతో 404 (దొరకలేదన్న జవాబు) ఇవ్వండి అని రాశారనుకోండి. మెయిల్ పంపే మెథడ్ మోనో ఆఫ్ వాయిడ్ ఇస్తుంది. అంటే పని సక్రమంగా పూర్తయినా విలువేమీ బయటకు రాదు. కింద కూర్చున్న స్విచ్‌ఇఫ్‌ఎంప్టీకి కనబడేది ‘ఖాళీ’ అన్న ఒక్క ముక్కే. కస్టమర్ లేక ఖాళీ అయిందా, మెయిల్ వెళ్లిపోయి ఖాళీ అయిందా అన్నది దానికి తెలిసే దారి లేదు. ఫలితం, మెయిల్ వెళ్తుంది, 404 కూడా వస్తుంది. ఇఫ్ కొమ్మా ఎల్స్ కొమ్మా రెండూ నడిచిన విచిత్రం. ఇక్కడ డిఫర్ పెట్టినా లాభం లేదు. స్విచ్‌ఇఫ్‌ఎంప్టీని పైకి జరిపి, వెతికిన వెంటనే, ఫ్లాట్‌మ్యాప్ కంటే ముందు, మోనో.ఎర్రర్‌తో పెట్టండి. అలా కుదరకపోతే మెయిల్ మెథడ్ చివర దెన్‌రిటర్న్ తగిలించి ఏదో ఒక విలువ బయటకు రానివ్వండి.

నా దగ్గరికి రివ్యూకి వచ్చే ఎసింక్ కోడ్‌లో ప్రతి పిలుపు పక్కనా నేను రాసే ప్రశ్న ఒకటే: ఈ లైను దాటేసరికి పని మొదలైందా, ఇంకా లేదా? దీనికి జవాబు తెలియకుండా దాని చుట్టూ ఇఫ్ రాయకూడదు. మిగతా ఉత్తరాలన్నిటికీ కూడా ఇదే పట్టుకొమ్మ.

ప్రశ్న: అక్కా, మా కాలేజీ ఫెస్ట్‌కి నోడ్‌లో (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్) వెబ్‌సైట్ చేస్తున్నాం. అడ్మిన్ పేజీ తెరిచేముందు ఇఫ్ పెట్టి, అందులో ఈజ్‌అడ్మిన్ అనే ఫంక్షన్‌ని పిలిచాను. అది డేటాబేస్ చూసి ట్రూ గానీ ఫాల్స్ గానీ ఇస్తుంది. ఫస్టియర్ పిల్లలు కూడా అడ్మిన్ పేజీ తెరిచేస్తున్నారు! ఫంక్షన్‌ని విడిగా టెస్ట్ చేస్తే ఫాల్స్ కరెక్టుగానే వస్తోంది. మహా టెన్షన్‌గా ఉంది. — ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పేజీని ఆపేసి వచ్చి తర్వాత చదువు.

ఇఫ్ బ్రాకెట్లో అవైట్, అంటే ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట, మర్చిపోయావు. టెస్ట్‌లో మర్చిపోలేదు, అందుకే అక్కడ ఫాల్స్ వచ్చింది. ఎసింక్ ఫంక్షన్ ఎప్పుడూ ట్రూ, ఫాల్స్ ఇవ్వదు. ప్రామిస్ ఇస్తుంది. టిఫిన్ సెంటర్‌లో డబ్బు కట్టగానే టోకెన్ చేతిలో పెడతారు చూడు, అదే ప్రామిస్. ‘దోసె వచ్చిందా’ అని అడగాల్సిన చోట నువ్వు ‘చేతిలో టోకెన్ ఉందా’ అని అడిగావు. ఉంటుంది, ఎందుకుండదు? చివరికి పిండి అయిపోయిందని చెప్పినా టోకెన్ నీ చేతిలోనే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ ఏదైనా ఇఫ్‌లో పెడితే అది నిజం కిందే లెక్క. ప్రామిస్ కూడా ఆబ్జెక్టే.

ఆశ్చర్యార్థకం పెట్టి తిప్పి అడిగితే ఎప్పుడూ అబద్ధమే వస్తుంది. ‘బ్లాక్ కాని యూజర్ అయితే’ అన్న షరతు అలా రాస్తే ఒక్కరినీ లోపలికి రానివ్వదు. నిజానికి అదే నయం, ఎవరో ఒకరు వెంటనే ఫోన్ చేసి తిడతారు. నీ తప్పు మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయని రకం. తలుపు తెరుచుకున్నవాడు ఫిర్యాదు ఎందుకు చేస్తాడు?

ఫిల్టర్‌లో ఎసింక్ ఫంక్షన్ ఇచ్చినా ఇదే కథ. లిస్టులో ఒక్కటీ రాలదు, అన్నీ మిగిలిపోతాయి. సమ్ (ఒక్కటైనా నిజమా అని చూసేది) అయితే, లిస్ట్ ఖాళీ కానంతవరకు ఎప్పుడూ ట్రూ. ముందు మ్యాప్‌తో అన్నిటికీ ప్రామిస్‌లు తయారుచేసి, ప్రామిస్.ఆల్‌ని అవైట్ చేసి, చేతికొచ్చిన ట్రూ ఫాల్స్‌ల లిస్టు పట్టుకుని ఆ తర్వాత ఫిల్టర్ చెయ్యి.

ఇంకో సలహా. జావాస్క్రిప్ట్‌కి టైపుల తనిఖీ చేర్చిన టైప్‌స్క్రిప్ట్‌కి మారండి. 2021లో వచ్చిన 4.3 నుంచి, స్ట్రిక్ట్ నల్ చెక్స్ ఆన్‌లో ఉంటే, ఇఫ్‌లో ఉత్త ప్రామిస్ పెట్టినచోట ‘ఇది ఎప్పుడూ నిజమే, అవైట్ మర్చిపోయారా?’ అని అదే నిలదీస్తుంది. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో టైప్‌స్క్రిప్ట్ కోసం ఉన్న నో-మిస్‌యూజ్డ్-ప్రామిసెస్ నియమం కూడా ఆన్ చేసుకో. ఫెస్ట్‌కి టైమ్ లేదంటావని తెలుసు. ఫెస్ట్ అయ్యాకైనా చెయ్యి.

ప్రశ్న: మేడం, చాలాకాలం జావాస్క్రిప్ట్‌లో చేసి ఇప్పుడు పైథాన్‌కి మారాను. అక్కడ అలవాటైన పద్ధతిలోనే రెండు ఎసింక్ ఫంక్షన్లూ ముందు పిలిచేసి, వేరియబుల్స్‌లో పెట్టుకుని, తర్వాత ఒక్కోదాన్నీ అవైట్ చేశాను. రెండూ కలిసి నడుస్తాయనుకుంటే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తున్నాయి. పైగా అప్పుడప్పుడు ‘కోరుటీన్‌ని ఎప్పుడూ అవైట్ చేయలేదు’ అని వార్నింగ్ వస్తోంది. — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రెండు భాషల్లోనూ ఎసింక్, అవైట్ అన్న మాటలే ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. జావాస్క్రిప్ట్‌లో ఎసింక్ ఫంక్షన్‌ని పిలవగానే అది పరిగెత్తడం మొదలుపెడుతుంది, మొదటి అవైట్ దగ్గరికి వచ్చాకే మీకు ప్రామిస్ ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది. పైథాన్‌లో అలా కాదు. పిలిస్తే కోరుటీన్ ఆబ్జెక్ట్ చేతికొస్తుంది, ఫంక్షన్‌లో మొదటి లైను కూడా నడవదు. మొదటి లైనులో ప్రింట్ పెట్టి చూడండి, అవైట్ దాకా ఏమీ పడదు.

అందుకే మీ రెండు పిలుపులూ రెండు ఆబ్జెక్టుల్ని తయారుచేసి ఊరుకున్నాయి. మొదటి అవైట్ దగ్గర మొదటి పని మొదలై, ముగిసింది. అప్పుడు గానీ రెండోది మొదలవ్వలేదు. ఒకటి 300 మిల్లీసెకన్లు, రెండోది 400 పడితే మీకు పట్టేది 700. రెండిటినీ, పనుల్ని కలిపి నడిపే ఎసింక్‌ఐఓ గ్యాదర్‌కి ఇస్తే 400 దగ్గర తేలిపోతుంది. పైథాన్ 3.7 నుంచి ఉన్న క్రియేట్‌టాస్క్‌తో ఒక్కోదాన్నీ ముందే బయల్దేరదీయొచ్చు. 3.11 గానీ ఆపైన గానీ వాడుతుంటే టాస్క్‌గ్రూప్ తీసుకోండి, ఒకటి విఫలమైతే మిగతావాటిని అదే రద్దు చేస్తుంది. క్రియేట్‌టాస్క్ వాడితే ఆ టాస్క్‌ని ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఉంచండి. టాస్క్‌లని నడిపించే ఈవెంట్ లూప్ దాన్ని గట్టిగా పట్టుకోదు, ఎవరి చేతిలోనూ లేని టాస్క్‌ని, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ సగంలోనే ఊడ్చేయొచ్చు.

ఇక వార్నింగ్. మీ కోడ్ నా ముందు లేదు కానీ దాని రూపం ఊహించగలను. పైన కోరుటీన్ తయారైంది, కింద ఇఫ్ లోపల అవైట్ ఉంది. షరతు తప్పినప్పుడు ఆ కోరుటీన్ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఇలాంటప్పుడు చేయాల్సింది చాలా చిన్నది: పిలుపుని కూడా ఇఫ్ లోపలికే జరపండి. పైన పెట్టడం వల్ల పైథాన్‌లో మీకు కలిసొచ్చేది ఏమీ లేదు, పని ఎలాగూ అవైట్ దగ్గరే మొదలవుతుంది. ఒకే కోరుటీన్‌ని రెండు కొమ్మల్లో రెండుసార్లు అవైట్ చేద్దామనీ చూడకండి, రెండోసారి ఎర్రరే.

రస్ట్ నేర్చుకుంటున్న మీ స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకి పైథాన్ పద్ధతి కొత్తగా అనిపించదు. 2019 నవంబరులో 1.39తో స్థిరపడిన రస్ట్ ఎసింక్‌లో కూడా ఫ్యూచర్‌ని అవైట్ చేయకపోతే అది కదలదు, కంపైలరే ఆ మాట చెప్పి హెచ్చరిస్తుంది. నన్నడిగితే ఇదే మేలైన పద్ధతి. మొదలవ్వని పనిని వదిలేస్తే నష్టం లేదు. మొదలైనదాన్ని వదిలేస్తే ఏమవుతుందో కింది ఉత్తరంలో చూడండి.

ప్రశ్న: మేడం, ప్రొఫైల్ పేజీకి నోడ్‌లో ఏపీఐ రాశాను. ఆఫర్ల సర్వీసు నెమ్మది, అందుకని దాన్ని ముందే పిలిచి ప్రామిస్‌ని పక్కన పెట్టుకుంటాను. తర్వాత యూజర్ ప్రీమియమా కాదా అని అవైట్ చేసి, ప్రీమియం అయితేనే ఆఫర్ల ప్రామిస్‌ని ట్రై-క్యాచ్‌లో అవైట్ చేస్తాను. మొన్న ఆఫర్ల సర్వీసు పడిపోతే మా సర్వర్ మొత్తం మళ్లీ మళ్లీ పడిపోయింది. ప్రీమియం కానివాళ్ల రిక్వెస్టులకి కూడా! ట్రై-క్యాచ్ ఉన్నా ఎందుకిలా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ట్రై-క్యాచ్ ఉన్నది అవైట్ చుట్టూ. ప్రీమియం కాని యూజర్‌కి ఆ అవైట్ రానే రాదు. పైన మొదలైన ఆఫర్ల పని మాత్రం తన దారిన తాను నడిచి, విఫలమై, ఆ వైఫల్యాన్ని వినేవాళ్లెవరూ లేక అనాథగా మిగిలింది. ఒకప్పుడు నోడ్ ఇలాంటివాటికి వార్నింగ్ ఇచ్చి ఊరుకునేది. 2020 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ నుంచి అనాథ ప్రామిస్ విఫలమైతే ప్రాసెస్‌నే ముగించేస్తుంది. మీ ఇఫ్ ఆపింది ఎదురుచూడటాన్ని మాత్రమే, పనిని కాదు.

ప్రీమియం యూజర్లు కూడా క్షేమం కాదండోయ్. ప్రీమియమా కాదా అని తెలుసుకునే అవైట్‌లో మీరు ఉండగానే ఆఫర్ల పిలుపు విఫలమైందనుకోండి. ఆ క్షణానికి దానికి క్యాచ్ ఇంకా తగల్లేదు. నోడ్ ఆగి చూడదు, అప్పటికప్పుడే పడగొడుతుంది. మీ లోకల్‌లో ఆఫర్ల సర్వీసు ఎప్పుడూ నిలబడే ఉంటుంది కాబట్టి ఇది టెస్టింగ్‌లో కనబడలేదు.

ముందే మొదలుపెట్టి తీరాలంటే, పిలిచిన అదే లైనులో క్యాచ్ తగిలించండి, విఫలమైతే ఖాళీ లిస్టు వచ్చేలా. కాకపోతే వైఫల్యం కళ్లపడకుండా పోతుంది, కాబట్టి ఆ క్యాచ్‌లో లాగ్ రాయడం మరవొద్దు. అక్కర్లేదని తేలాక నిజంగా ఆపాలంటే అబార్ట్‌కంట్రోలర్ సిగ్నల్‌ని ఆ పిలుపుకి ముందే ఇచ్చి ఉండాలి. అప్పుడు కూడా ఆగేది మీ వైపు ఎదురుచూపే. అవతలి సర్వీసు ఈపాటికి పని సగం చేసేసి ఉండొచ్చు.

అసలు ముందే మొదలుపెట్టాలా అన్నదే నా సందేహం. మీ యూజర్లలో ఎక్కువమంది ప్రీమియం అయితే సరే, ఆ కాసేపు కలిసొస్తుంది. నూటికి ఐదుగురే ప్రీమియం అయితే, ఆ ఐదుగురి కోసం మిగతా తొంభై ఐదుగురి తరఫున కూడా ఆ నెమ్మది సర్వీసుని మీరే మోదుతున్నారు. అది పడిపోవడంలో మీ చెయ్యి లేదని గట్టిగా చెప్పగలరా? ప్రామిస్ బదులు ఒక యారో ఫంక్షన్ దగ్గర పెట్టుకుని, ప్రీమియం అని తేలాక దాన్ని పిలవండి. పైన మొదటి ఉత్తరంలో డిఫర్ చేసిన పనే ఇక్కడ రెండు బ్రాకెట్లూ ఒక బాణం గుర్తూ చేస్తాయి.

ప్రశ్న: మేడం, సెట్టింగ్స్ సర్వీసుని ఒక్కసారే పిలిచి దాచుకోవాలని ‘సెట్టింగ్స్ లేకపోతే, అవైట్ చేసి తెచ్చి పెట్టుకో’ అని రాశాం. సర్వర్ లేవగానే ఒకేసారి బోలెడు పిలుపులు వెళ్తున్నాయి. జావాస్క్రిప్ట్‌లో త్రెడ్ ఒకటే కదా, ఇది ఎలా సాధ్యం? — ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: త్రెడ్ ఒకటే, కానీ అవైట్ దగ్గర దాన్ని మీరే పక్కవాళ్లకి ఇచ్చేస్తున్నారు. మొదటి రిక్వెస్టు ‘లేవు’ అని చూసి, తేవడానికి వెళ్లి, ఎదురుచూస్తోంది. ఆలోగా వచ్చిన ప్రతి రిక్వెస్టూ అదే వేరియబుల్ చూస్తుంది, ఇంకా ఖాళీయే, తానూ బయల్దేరుతుంది.

తెచ్చిన విలువని కాదు, ప్రామిస్‌నే దాచండి. 2021 ప్రమాణంలో చేరిన ??= గుర్తుతో ఒక్క లైనులో అయిపోతుంది: దాచిన ప్రామిస్ ఉంటే అదే, లేకపోతే తెచ్చే ఫంక్షన్‌ని పిలిచి వచ్చిన ప్రామిస్‌ని అక్కడే పెట్టెయ్. కుడివైపు ఉన్న పిలుపు ఎడమవైపు ఖాళీ అయితేనే జరుగుతుంది, ఆ హామీ భాషే ఇస్తోంది. చూడటానికీ పెట్టడానికీ మధ్య అవైట్ లేదు కాబట్టి ఎవరూ దూరలేరు. ఆ తర్వాత ఎంతమందైనా ఆ ఒక్క ప్రామిస్‌నే అవైట్ చేసుకోవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోండి. మొదటి పిలుపు విఫలమైతే ఆ విఫలమైన ప్రామిస్సే దాగి ఉండిపోతుంది, సర్వర్‌ని రీస్టార్ట్ చేసేదాకా అందరికీ అదే పాత ఎర్రర్. క్యాచ్‌లో వేరియబుల్‌ని ఖాళీ చేసి ఎర్రర్‌ని మళ్లీ విసరండి. సీషార్ప్ వాళ్లు లేజీ ఆఫ్ టాస్క్ అని రాసుకునేది కూడా సరిగ్గా ఇదే. 2010లో డాట్‌నెట్ 4తో లేజీ వచ్చింది, విఫలమైన టాస్క్‌ని దాచుకుని కూర్చునే గుణం అక్కడా ఉంది.

ప్రశ్న: అండీ, ఫ్లట్టర్ యాప్‌లో సెర్చ్ బాక్సులో ఒక్కో అక్షరం కొడుతుంటే, సంబంధం లేని లిస్టు కూడా మళ్లీ మళ్లీ లోడ్ అవుతోంది. ఫ్యూచర్ (తర్వాత వచ్చే ఫలితం) అందాక స్క్రీన్ కట్టే ఫ్యూచర్‌బిల్డర్ వాడాను. — ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఫ్యూచర్‌బిల్డర్‌కి ఇచ్చే ఫ్యూచర్‌ని బిల్డ్ మెథడ్ లోపలే పిలుస్తున్నట్టున్నారు. స్క్రీన్ మళ్లీ కట్టిన ప్రతిసారీ కొత్త ఫ్యూచర్ పుడుతుంది, ఫ్లట్టర్ భాష అయిన డార్ట్‌లో పుట్టడమంటే పని మొదలవడమే. మొదట్లో ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లో ఒకసారి పిలిచి వేరియబుల్‌లో పెట్టుకుని, బిల్డర్‌కి ఆ వేరియబుల్ ఇవ్వండి.

ప్రశ్న: నమస్కారం. పిల్లలకి లేజీ ఎవాల్యుయేషన్ (విలువని అవసరమయ్యేదాకా తేల్చకపోవడం) ఒక సెమిస్టర్‌లో, ప్రామిస్‌లు ఇంకో సెమిస్టర్‌లో చెబుతున్నాం. ఈ రెండిటికీ చుట్టరికం ఏమైనా ఉందా అని ఒకమ్మాయి అడిగింది. — ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: ఆ అమ్మాయిని మెచ్చుకోండి మాస్టారూ. దగ్గరి చుట్టరికమే. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీకి చెందిన డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ 1976లో లిస్ప్ జాబితాలు కట్టేటప్పుడు లోపలి విలువల్ని అవసరమయ్యేదాకా తేల్చకూడదని వాదించారు. ‘ప్రామిస్’ అన్న మాటని ఈ అర్థంలో ముందుకు తెచ్చింది కూడా అదే ఏడాది, ఆ ఇద్దరే. అదే 1976లో పీటర్ హెండర్సన్, జేమ్స్ మోరిస్ లేజీ ఎవాల్యుయేటర్ గురించి రాశారు. మరుసటేడు హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ ‘ఫ్యూచర్’ అన్నారు. 1990లో వచ్చిన హాస్కెల్ ఈ బద్ధకాన్నే భాషకి పునాదిగా వేసుకుంది. అక్కడ స్విచ్‌ఇఫ్‌ఎంప్టీ లాంటిది ఎవరైనా రాసుకోవచ్చు, డిఫర్ అక్కర్లేదు. మిగతా చాలా భాషల్లో &&, ఇఫ్ లాంటి ఏ కొన్నింటికో ఆ హక్కు ఉంది, మనం రాసే ఫంక్షన్లకి లేదు.

ప్రశ్న: మేడం గారూ, మా షాపు యాప్‌లో ఒక కూపన్ ఒక్కసారే చెల్లాలి. వాడారా లేదా అని అవైట్‌తో చూసి, వాడకపోతే తగ్గింపు ఇచ్చి, ‘వాడారు’ అని అవైట్‌తో రాస్తున్నాం. అవైట్‌లు ఎక్కడా మర్చిపోలేదు. అయినా ఒకే కూపన్ రెండుసార్లు చెల్లిన బిల్లులు దొరికాయి. — ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అవైట్‌లు సరిగ్గా పెట్టినందువల్ల మీ ఇఫ్‌కి నిజమైన జవాబే వస్తోంది. కాకపోతే ఆ జవాబు వచ్చిన క్షణానికే నిజం. కూపన్ వాడలేదని తెలిసిన దగ్గర్నుంచి ‘వాడారు’ అని రాసేలోగా ఇంకో ఫోన్ నుంచి అదే కూపన్ వచ్చిందంటే, దానికీ ‘వాడలేదు’ అనే తెలుస్తుంది. బటన్‌ని రెండుసార్లు నొక్కే అలవాటున్న కస్టమర్ ఒక్కరు చాలు. సర్వర్లు రెండు నడుపుతుంటే ప్రామిస్‌ని దాచుకునే పైన చెప్పిన చిట్కా కూడా పనికిరాదు, రెండిటికీ మెమరీ వేరు.

షరతుని మీ కోడ్‌లోంచి తీసి డేటాబేస్‌కి అప్పగించండి. ఒకే అప్‌డేట్ స్టేట్‌మెంట్: ఈ కూపన్ కోడ్ ఉండి, వాడిన గుర్తు సున్నాగా ఉన్న రోని, ఒకటిగా మార్చు. వేర్ భాగంలోనే షరతు ఉంది. చూడటం, రాయడం డేటాబేస్ ఒక్క ఊపులో చేస్తుంది. ఎన్ని రోలు మారాయో అది తిరిగి చెబుతుంది, మీ ఇఫ్ ఆ అంకె మీద పెట్టండి. ఒకటి వస్తే తగ్గింపు ఇవ్వండి, సున్నా వస్తే ‘ఈ కూపన్ అయిపోయింది’ అనండి. బిల్లు రాయడం కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి, లేకపోతే కూపన్ పోయి బిల్లు పడని కస్టమర్ మీ కౌంటర్ దగ్గర నిలబడతాడు.

మార్చాక ఇలా పరీక్షించండి. ఒకే కూపన్‌తో రెండు పిలుపుల్ని ప్రామిస్.ఆల్‌లో పెట్టి ఒకేసారి వదలండి. ఒకదానికి తగ్గింపు రావాలి, రెండోదానికి అయిపోయిందన్న మాట రావాలి. ఒక్కసారి పాసయిందని ఆపకండి, లూప్‌లో పెట్టి కొత్త కూపన్లతో కాసేపు నడవనివ్వండి. మీ పాత కోడ్‌ని కూడా ఇదే లూప్‌లో ముందు పెట్టి చూడండి, అందులో ఎన్ని కూపన్లు రెండుసార్లు చెల్లాయో చూస్తే షాపు ఓనరుగారికి ఈ మార్పు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.